వర్ణమాల పాడగలిగి, చదవలేని పిల్లల గురించి

సంచాలకుల వారి సముఖమునకు,
ప్రవాస తెలుగు బడుల శిక్షణా విభాగం, హైదరాబాదు.

అయ్యా,

విషయం: జర్మనీలోని మాగ్డెబర్గ్ శనివారపు తెలుగు బడి ఉపాధ్యాయునికి, పిల్లలచేత చదివించుట ఎట్లో నేర్పు శిక్షణ కోరుతూ మూడవ అర్జీ.

వారమంతా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, శనివారం మాత్రం పంతులు అయిన కమలాకర్ వ్రాసుకొను మనవి.

1. నాలుగేళ్లుగా మా బడిలో, చిన్నప్పుడు మా సార్లు చేయించినట్టే, వర్ణమాలను రాగం పెట్టి గుంపుగా వల్లె వేయించడమైనది. పిల్లలు అ నుండి ఱ వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పగలరు. ఉగాది సభలో చప్పట్లు కూడా పడ్డాయి. అయితే నడుమ ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, మొదటి నుండి పాడుకుంటూ అక్కడిదాకా రావలసి వస్తున్నది. 'ధ' చేరేసరికి తల్లులు తీసుకుపోవడానికి వచ్చేస్తున్నారు.

2. సదరు లోపం పిల్లలది కాదు. వీళ్లే ఇక్కడి జర్మను బడిలో ఒకటో తరగతిలోనే చదవడం నేర్చారు. ఎలా నేర్పాలో వాళ్ల టీచరుకు ఎవరో నేర్పారు. నాకెవరూ నేర్పలేదు.

3. తమ విభాగం వారి మూడు రోజుల ఆన్‌లైన్ శిక్షణకు హాజరైతిని. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, రెండవ రోజు భాష గొప్పదనం, మూడవ రోజు వక్తలకు శాలువాలు. చదవడం ఎలా నేర్పాలని నేను అడగ్గా, శిక్షకుల వారు "మంచి ప్రశ్న" అన్నారు. పిమ్మట వందన సమర్పణ జరిగినది. ధ్రువపత్రం అందినది.

4. ఐదుగురు పిల్లలుంటేనే ఇక్కడి కమ్యూనిటీ హాలు వారు మాకు గది ఇస్తారు. పంతొమ్మిది మందిలో ఐదుగురే మిగిలారు. ఐదవది మా అమ్మాయి సంయుక్త, ఎనిమిదేళ్లు. పోయిన శనివారం బోర్డు మీద 'పలక' అని రాసి చదవమన్నాను. "దస్ కన్ ఇష్ నూర్ సింగెన్, నాన్నా" అంది. పాడడమే వచ్చునని అర్థం. ఇంటికి వస్తూ ట్రామ్‌లో, "నాకు తెలుగు బుర్ర లేదేమో, నెక్స్ట్ వీక్ నేను రాను" అంది. అయ్యా, నా బిడ్డకు బుర్ర లేదని నమ్మించింది నేనే. దీన్ని ఆఫీసు భాషలో రాయడం నాకు చేతకాలేదు.

కావున శాలువాలు మినహాయించి, అక్షరం నుండి మాటకు పిల్లను ఎలా నడిపించాలో తెలిసిన మనిషితో ఒక్క గంట ఇప్పించ ప్రార్థన. గత రెండు అర్జీల అనుభవం వల్ల ఆశ ఏమీ పెట్టుకోలేదని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కమలాకర్

తా.క.: ఇది పంపబోతుండగా నా రెండవ అర్జీకి తమ జవాబు వచ్చినది. నా ఆసక్తిని మెచ్చి, నన్నే జర్మనీ తెలుగు బడులకు శిక్షకునిగా నియమించారు. దాని నకలు అందుకున్న, ఇల్మెనౌలో బడి నడిపే ప్రవీణ గారు వెంటనే ఫోన్ చేశారు. "సార్, మా పిల్లలు పాడుతరు గానీ చదువుతలేరు. ఎట్ల నేర్పాల్నో మీరు చెప్తరంట గద" అన్నారు. నాకూ రాదమ్మా అన్నాను. ఆమె "మరి వచ్చినోళ్లు ఎవరు సార్" అన్నారు. తమకు తెలిసి ఉంటే ఆ పేరు శనివారం లోపల పంపగలరు.