వెనక నుంచి పిలిచిన పాట

గోదావరిఖని,
1973 ఆగస్టు.

అమ్మకు,

నీ బిడ్డ సుగుణమణి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట ముందు రాయకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని తెలుసు.

నీ అల్లుడి దగ్గు తగ్గింది. బొగ్గు గని మానేసి వేరే పని చూసుకోరాదా అన్నావు. ఇక్కడ వేరే పనేముందమ్మా?

"చిన్నపిల్లలకు ప్రేమ పాటలు చెప్తున్నవట, గదేం చదువే?" అని ఎకసెక్కెమాడావు కదా, చెబుతా విను. మూడో తరగతి వాళ్ళను ఎవరి మీద ప్రేమో పాట కట్టమంటే అందరూ వెన్నెల, గులాబీ అని రాశారు. "గులాబీ మీ ఇంట్ల పూసిందా? ఇంట్లున్నోళ్ళ మీద రాయుండ్రి" అన్నాను. గని కార్మికుడు సదయ్య బిడ్డ పూలమ్మ పలక మీద ఇలా రాసింది:

నాయిన రాత్రి డ్యూటీ చేసి
పగటీలి పండుకుంటడు.
నేను గిన్నె చప్పుడు చెయ్య.
గురక వినుకుంట కూసుంట.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతటితో ఊరుకోవలసింది. "మనసుల పెట్టుకుంటే నాయినకెట్ల తెలుస్తది? ఇంటికి పోయి వినిపియ్యి" అన్నాను.

ఆ పిల్ల సిగ్గుపడి ఆగి ఆగి, తండ్రి డ్యూటీకి బయలుదేరి వాకిలి దాటాక, "నాయినా" అని వెనక నుంచి కేకేసింది. డ్యూటీకి పోయే మనిషిని ఇక్కడ ఎవరూ అలా పిలవరు, అపశకునమంటారు. సదయ్య కోప్పడలేదట. తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చున్నాడు. పాట విని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ షిఫ్టులోనే గని కప్పు కూలింది. శవాన్ని తెచ్చారు.

"నీ నోరు పడిపోను! ఎనకకెల్లి ఎందుకు పిలిస్తివే?" అని తల్లి అనసూర్య అందరి ముందూ బిడ్డను కొట్టింది. అప్పటి నుంచి పూలమ్మ మాట్లాడదు. బడికొచ్చి, పలకను కూడా చప్పుడు కాకుండా కింద పెడుతుంది.

ఒకనాడు దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "పిలిస్తే ఎవ్వరూ సావరు బిడ్డా. కప్పు కూలింది, గంతే."

అప్పుడు నోరు విప్పింది, నీ అల్లుడి పేరెత్తి. "యిర్మియా కాక డ్యూటీకి పోతుంటె మీరు పిలుస్తరా టీచర్?"

"పిలుస్తా" అన్నాను.

అమ్మా, ఇంతసేపూ చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను. నిన్న నీ అల్లుడు సద్దిగిన్నె మరిచి డ్యూటీకి బయలుదేరారు. ఇంకా మలుపు తిరగలేదు, ఒక్క కేక వేస్తే చాలు. ప్రభువును నమ్మిన మనకు శకునాలు లేవని నువ్వు చెప్పగా పెరిగినదాన్ని. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నోరు పెగల్లేదు.

ఎదురుగా నల్లా దగ్గర పూలమ్మ ఉంది. నన్నూ, నా చేతిలోని గిన్నెనూ చూసింది. బిందె ఎత్తుకుని మెల్లగా వెళ్ళిపోయింది.

ఆయన పస్తుతో పని చేసి క్షేమంగా తిరిగొచ్చారు. నేను పిలవలేదు కాబట్టే క్షేమంగా వచ్చారని ఆ పిల్ల అనుకోదా అమ్మా? కాదని చెప్పడానికి నాకిక ఏ ముఖం ఉంది?

ఈవేళ పూలమ్మ బడికి రాలేదు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సుగుణమణి