ఊగని చేతులు

సోమవారం, ఆగస్టు 11
పొద్దున తొమ్మిదిన్నర

అమ్మకు,

కూతురు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అక్కడ అలాగే ఉన్నావని తలుస్తున్నట్టు రాయాలని బడిలో నేర్పారు కానీ, నీ ఎడమ మోకాలి సంగతి తెలిసి ఆ మాట ఎలా రాయను? సూటిగా విషయానికి వస్తాను.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకంటే, ఇరవయ్యో తేదీన మీ ఆసుపత్రి లాండ్రీలోంచి ఏడుగురిని తీసేస్తున్నారు. చురుకుదనం చాలదన్నది కారణం. జాబితాలో రెండో పేరు నీది. సూపర్‌వైజరు కాగితం ముందు పెడితే సంతకం చేసి వచ్చావు. ఆ సంగతి నాకు ఫోన్లో, ఇవాళ కుళాయి రాలేదని చెప్పినట్టు చెప్పావు. నేనేదో అనబోతే, పోనీలే, వయసైపోయింది కదా, తిన్నావా అని అడిగి పెట్టేశావు. నిన్న నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ మన మాటలు 'తిన్నావా' దగ్గరే ఆగిపోయాయి. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు. పైగా చదివి వినిపించేది కింది వాటా టైలరక్క. మొదలుపెడితే చివరిదాకా ఆపదు.

టైలరక్కా, నీకూ నమస్కారం. నెమ్మదిగా చదువు. అమ్మ మధ్యలో ఏదో వంకతో వంటింట్లోకి వెళ్తే, తిరిగొచ్చేదాకా ఆగు. కవరులో మడత పెట్టి పిన్ను గుచ్చిన ఇంకో కాగితం ఉంది. అది మాత్రం విప్పకుండా అమ్మ చేతికివ్వు.

అమ్మా, మొన్న మార్చిలో మీ అందరి చేతులకీ కట్టిన నల్లపట్టీ మా కంపెనీదేనని తెలిసి నేనెంత గంతులేశానో నీకు గుర్తుండే ఉంటుంది. ఎన్ని అడుగులు నడిచారు, గుండె ఎలా కొట్టుకుంది, ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ అది చూస్తుందనీ, అదంతా మీ ఆరోగ్యం కోసమేననీ చెప్పాను. అందులో నేను చేసింది తెర మీద రంగులూ బొమ్మలూ మాత్రమే అన్నాను. అయినా నువ్వు మా అమ్మాయి చేసిందంటూ లాండ్రీ అంతా తిరిగావు. సబ్బునీళ్ళు తగలకుండా దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరుబ్యాండు వేశావట. మణికట్టుకి వానకోటు తొడిగినట్టుందని ఇస్త్రీ అత్త ఒకటే నవ్వింది.

తర్వాత నీ అంకెలు రావడం మొదలైంది. రోజుకి పంతొమ్మిది వందల అడుగులు. ఒక్కోరోజు పదిహేడు వందలు. నేను పదివేలు తగ్గకుండా నడుస్తున్న రోజులవి. మా ఆఫీసు మూడో అంతస్తులో జిమ్ముంది, నడిచే మెషిన్లు వరసగా ఉంటాయి. రోజంతా కుర్చీలో కూలబడి, సాయంత్రం ఆ మెషినెక్కి చెమట కార్చి, అద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోయేదాన్ని. ఆ మెషిన్ మీదనుంచే ఆయాసపడుతూ నీకు ఫోన్ చేసి, అలా కూర్చునుంటే ఎలాగమ్మా, ఒళ్ళు వంచాలి, నడవాలి అని పాఠం చెప్పాను. నువ్వు ఒక్క మాట కూడా ఎదురనలేదు. ఎందుకనలేదమ్మా? సరేనమ్మా నడుస్తాలే అన్నావు. మర్నాటినుంచి డ్యూటీకి అరగంట ముందే వెళ్ళి నాలుగంతస్తుల మెట్లూ ఎక్కి దిగడం మొదలుపెట్టావు. పది రోజులకి మోకాలు గుమ్మడికాయంత అయింది.

ఆ మోకాలు చూడ్డానికే కదా పోయిన నెలాఖరు ఆదివారం వచ్చాను. ఇంట్లో ఉండమంటే వినకుండా నువ్వు డ్యూటీకి బయల్దేరావు. నేనూ వెనకాలే వచ్చాను. అదే మంచిదయింది. ఆ ట్రాలీ, దాన్నిండా తడి దుప్పట్లు, ఎప్పుడూ ఎడమకే లాగే ఆ ముందు చక్రం. లిఫ్టు రోగులకీ డాక్టర్లకీ, బట్టలకి ర్యాంపే. వాషింగ్ గదినుంచి ఆరేసే మేడ దాకా నీ వెనకే ఒట్టి చేతులతో నడిచాను. పైకెళ్ళాక నా పట్టీ చూసుకుంటే ఆరువందల నలభై అడుగులు. నీది చూస్తే పదకొండు.

పదకొండు! నాకు మతిపోయింది. చెడిపోయిందేమోనని పట్టీలు మార్చుకుని మళ్ళీ నడిచాం. నీ చేతికున్న నా పట్టీ ఈసారి తొమ్మిదే చూపించింది. అప్పుడు నీ చేతుల వంక చూశాను. రెండు చేతులూ ఆ ఇనపకడ్డీకి అతుక్కుపోయి ఉన్నాయి. వదిలితే ట్రాలీ ఎడమకి పోయి గోడకి కొట్టుకుంటుంది, ర్యాంపు మీదయితే ఎవరో ఒకరి మీదికి పోతుంది. మా పట్టీ చూసేది కాళ్ళని కాదమ్మా, చేతిని. చెయ్యి ఊగితే అడుగు. ఊగకపోతే ఆ మనిషి కూర్చున్నట్టే. తొమ్మిది గంటలసేపు ట్రాలీ తోసిన మనిషిని, తొమ్మిది గంటలు కుర్చీలో ఉన్న మనిషిగా రాసుకుంది. ఆ పంతొమ్మిది వందలూ నువ్వు టీకి వెళ్ళినవీ, బస్సుకి నడిచినవీ. ఆ అంకెలు చూసే నీ పేరు జాబితాలో చేర్చారు.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత సంగతి గుర్తుందా? పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని పేపరుతో విసురుకుంటుంటాడు. ఆయనకి తొమ్మిదివేల అడుగులొచ్చి, జూన్ నెల చురుకైన ఉద్యోగిగా బహుమతి ఇచ్చారు. ఆయనే స్వయంగా చెప్పాడు, నేను నాలుగడుగులు గట్టిగా వేసి మూడేళ్ళయిందమ్మాయ్, ఈ వయసులో పరుగుపందెం గెలిచాను అని. ఆ రోజు నువ్వు కూడా నవ్వావు. నేనూ నవ్వాను. బస్సెక్కాక నవ్వు రాలేదు.

ఏ మేధావి ఈ లెక్క రాశాడో, వాడెప్పుడూ జీవితంలో ఒక బరువు తోసి ఉండడని దారంతా తిట్టుకున్నాను. వాడి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎన్ని గంటలు నిద్రపోయాడో వాడి చేతి పట్టీ చెబుతుంది. వాడేం మనిషో మాత్రం చెప్పదు.

మర్నాడే మా బాసు దగ్గరికి వెళ్ళాను. మేమాయన్ని పదివేలసారు అంటాం, చాటుగా. మాట్లాడుతున్నంతసేపూ అడుగుల కోసం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అంతా విన్నాడు. అయితే చేతులూపుతూ తొయ్యమనండి, కనీసం ఒక చేత్తో అన్నాడు. బండెడు తడి దుప్పట్లు సార్, రేపు మీరొచ్చి ఒంటిచేత్తో తోసి చూపించండి అన్నాను. ఆయన నడక ఆగింది. నీకు అక్కడ తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. దానికి నేనేం చెప్పానో తర్వాత రాస్తాను.

లెక్క సరిచెయ్యడం రెండు రోజుల పనమ్మా. కానీ సరిచేస్తే ఇన్నాళ్ళూ తప్పు చూపించామని ఒప్పుకున్నట్టవుతుంది. ఈ పట్టీలు ఇంకో ఎనిమిది చోట్ల కట్టి ఉన్నాయి. అందుకని ఆయనకి సరైన లెక్క అక్కర్లేదు, నా సంతకం కావాలి. పరీక్షించాను, సరిగానే ఉందని కాగితం తయారుచేసి నా బల్ల మీద పెట్టాడు. వచ్చే సోమవారం, పద్దెనిమిదిన, మీ ఆసుపత్రి పెద్దలు మా ఆఫీసుకి వస్తున్నారు. వాళ్ళ ముందు నిలబడి అదే మాట చెప్పాలట. పక్క సీటు అమ్మాయి, సంతకమే కదే, గీకి పారెయ్, వచ్చే మార్పుల్లో నెమ్మదిగా కలిపేద్దాం అంది. మార్పు వచ్చేది వచ్చే నెల. మీ ఏడుగురూ బయటికొచ్చేది ఇరవైన.

ఆ కాగితం వెనక్కిచ్చేశాను. సంతకం పెట్టను. ఇవాళే కాదు, ఎప్పుడూ పెట్టను. ఉద్యోగం ఉండాలని లేదా అని అడిగాడు. ఉండాలనే ఉంది, అందుకే నా పని సరిగ్గా చెయ్యనివ్వమంటున్నాను అన్నాను. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. ఇంత చదివి నాకోసం నీ కూడు చెడగొట్టుకుంటావా అంటావు. నాకు ఒక్క సంగతి గుర్తుచెయ్యనివ్వు. నన్ను బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరుగారు ఫారంలో తల్లి చేసే పని దగ్గర తనే గృహిణి అని రాసేశారు. ఏం రాశారండీ అని అడిగావు. చెప్పారు. కొట్టెయ్యండి, నేను ఆసుపత్రిలో బట్టల బండి తోస్తాను, అదే రాయండి అన్నావు. ఆయన పరవాలేదమ్మా ఇది గౌరవంగా ఉంటుందంటే, ఉన్నది రాస్తే అగౌరవమా అన్నావు. ఆ కొట్టివేత ఇప్పటికీ ఆ ఫారంలో ఉంటుంది. మన ఇంట్లో ఎవరి గురించైనా బడి కాగితం మీద రాసిన మొట్టమొదటి మాట, నువ్వు కొట్టించి రాయించింది. నేను ఎవరి కూతుర్నో వాళ్ళకి ఇంకా తెలీదు.

ఇక నేను అడిగేది విను. సోమవారం పది గంటలకి మా ఆఫీసుకి రా. చేతికి పట్టీ ఉండాలి, కవరు తీసెయ్యి. ఇస్త్రీ అత్తనీ మిగతా ఐదుగురినీ తీసుకురా. మా గోడౌన్లో సామాన్ల ట్రాలీ ఒకటుంది. దాన్నిండా పాత కాగితాల కట్టలు పేర్చాను, నువ్వు తోసే బరువుకి తక్కువ కాదు. ముందు చక్రం మరీ సాఫీగా తిరుగుతుంటే, స్క్రూ కాస్త వదులు చేశాను. ఇప్పుడది ఎడమకే లాగుతోంది. ఆ హాల్లో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నువ్వు తొయ్యాలి. అందరూ పైకి లెక్కపెట్టాలి, పదివేలసారు కూడా. తర్వాత పట్టీ చూస్తారు. నువ్వు ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు.

మెషిన్ మీద పదివేల అడుగులు నడిచి నేను ఒక్క గజం ముందుకు పోలేదమ్మా. నువ్వు పదకొండు అడుగుల్లో నాలుగు వార్డుల దుప్పట్లు మేడ మీదికి చేర్చావు. ఆ లెక్క వాళ్ళు కళ్ళారా చూడాలి.

మెట్లెక్కడం ఈ క్షణంనుంచి మానెయ్యి. మోకాలికి కాపడం పెట్టుకో. టైలరక్కా, పెట్టుకుందో లేదో నువ్వు చూడు.

ప్రేమతో,
నీ కూతురు

తాజా కలం:

అమ్మా, పిన్ను గుచ్చిన ఈ కాగితం నీకే. వేలు పెట్టుకుని చదువు. అందుకే పెద్ద అక్షరాలు రాశాను. చిన్నప్పుడు నేను నేలమీద సుద్దతో దిద్దుతుంటే, పక్కన కూర్చుని నువ్వు నేర్చుకున్న అక్షరాలే.

రంగులూ బొమ్మలూ అన్నది అబద్ధం. ఆ లెక్క రాసింది నేనే. నేను తిట్టిన మేధావి నేనే.

ఇంకా ఉంది. ఆగకు.

లెక్క రాసినప్పుడు మీటింగులో అడిగారు. చెయ్యి ఊగకుండా నడిచేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని. నాకు వెంటనే నీ చేతులు గుర్తొచ్చాయి. నిజంగా గుర్తొచ్చాయి. కానీ ఆ గదిలో అందరూ నువ్వు నర్సువి అనుకుంటారు. మా అమ్మ ఆసుపత్రిలో పనిచేస్తుంది అని చెప్పి ఊరుకున్నాను. వాళ్ళు అలా అనుకుంటే దిద్దలేదు. నువ్వు హెడ్మాస్టరు చేత కొట్టించావు. నేను కొట్టించలేదు.

అలాంటివాళ్ళు ఎవరూ ఉండరు అన్నాను.

మొన్న బాసు అడిగినప్పుడు కూడా, తెలిసినవాళ్ళు ఎవరూ లేరు అన్నాను.

సోమవారం అందరి ముందూ చెబుతాను. లెక్క తప్పు. రాసింది నేను. తెలిసే రాశాను. ఈమె మా అమ్మ. బట్టల బండి తోస్తుంది.

ఇది చదివాక నీకు రావాలని లేకపోతే రాకు. అప్పుడు ఆ ట్రాలీ నేనే తోస్తాను. చెప్పేది మాత్రం ఆపను.

శనివారం, పదహారు లోపు జవాబు కావాలి. ఫోన్ చెయ్యకు, తిన్నావా అంటావు. టైలరక్క చేత రాయించకు. వస్తా, లేదా రాను. రెండిట్లో ఒకటి నీ చేత్తో రాసి పంపు.