మిర్యాం ఎక్కే శనివారం బండి

అమ్మా, ఇక్కడ అందరం కులాసా.

ముంబైలో మన యూదు పిల్లల క్యాంపుకు మిర్యాంకి సాయం మంజూరైంది. ఫీజు, రైలు టికెట్టు వాళ్లవే, దారి తిండి మాత్రం మాది. టికెట్టు మీద శనివారం చూసి, విశ్రాంతి దినాన పిల్లను పంపనని, ఆ సాయం ఇంకొకరికి ఇమ్మని ఫోన్‌లో చెప్పేశాను. పిల్ల అన్నం మానేసింది.

పక్కింటి ఖైసర్ బేగం విని నవ్వింది. "బండి రాత్రి తొమ్మిదికి గదా, రూతమ్మా! పొద్దు గూకినంక మాకు దినం మారుతది. మీకు మారదా ఏంది?"

మనకూ అంతే కదా, శనివారం పొద్దు గూకితే విశ్రాంతి దినం అయిపోయినట్టే! వారం చూశాను గానీ వేళ చూడలేదు. వెంటనే ఫోన్ చేస్తే సీటు ఇంకా ఉందన్నారు.

చెల్లి స్వెట్టరు పంపించు. నాన్న మోకాలు ఎలా ఉంది? నెలాఖరు శనివారం చుక్కలు పొడిచాక మిర్యాంను దీవించు, అప్పుడే గడప దాటుతుంది.

నీ రూతు,
ఫలక్‌నుమా