జొన్నచేనుకు కట్టిన సినిమా

2003 సెప్టెంబరు, శుక్రవారం

బుజ్జోడా,

నీ సినిమా ఎక్కడుందో తెలియదని, నీకు కెమెరా పట్టిన రామాంజికి ఈరోజు ఏమీ ఎరగనట్టు చెప్పాను. పెనుకొండ కొండ మీద మీరిద్దరూ తీసిందే, వానలు ఆగిపోయి లోకం అంతమైనాక మిగిలిన ఒక్క మనిషి కథ.

"బెంగళూరులో ఇట్లాంటి సినిమాలకు పడిచచ్చేటోళ్ళు ఉండారు పెద్దమ్మా. మనోడి పేరు తెరమీద పడుతుంది. క్యాసెట్ యాడుండాది?" అని అడిగాడు.

"నాకేం తెలుసప్పా," అన్నాను, మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా.

వాడు నవ్వాడు. "మాటలు ఈడే రికార్డు చేస్తిమి కదా, సినిమా అంతా నీ మగ్గం చప్పుడే. లోకం అంతమైనా నువ్వు నేస్తానే ఉండావు."

ఆ మాటకు నా చేయి ఆగిపోయింది.

నువ్వు కన్నుమూసిన మరుసటి ఏడాది మీ మామ వచ్చాడు. "జొన్నచేనిమీద పిట్టలు పడతాండాయక్కా, పాత క్యాసెట్లుంటే ఇయ్యి. రీలు లాగి కడితే గాలికి మోగుతుంది, పిట్టలు బెదురుతాయి," అన్నాడు. నేనే తీసి ఇచ్చాను. ఒకదాని మీద నీ చేతిరాత కనిపించింది. చదివితే ఏడుపొస్తుందని బోర్లా తిప్పి ఇచ్చేశాను. అదే నీ సినిమా. నువ్వు ఉన్నప్పుడూ నేను దాన్ని చూడలేదు. మసి పూసుకుని గోనెపట్టా కట్టుకునేది ఒక సినిమానా అని వీధిలో నవ్వితే, వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను.

రామాంజి ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. వాడికి నిజం చెబుతాను, తిట్టినా పడతాను. నీకు మాత్రం ఈ అమ్మ ఏ ముఖంతో... కొండ మీద పొద్దంతా పస్తు ఉండేవాడివని కూడా ఈరోజు వాడే చెప్పాడు. నాకు ఆ సంగతీ తెలియదు. ఎక్కడున్నా కడుపునిండా తిను నాయనా.