చప్పుడు మానేసిన కంప్యూటర్

శుక్రవారం, రాత్రి

ఎంబ్రాయిడరీ మిషన్‌ను నడిపే పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ కొన్నాళ్లుగా కరకరలాడుతూ వచ్చింది. అది ఆగిపోతే ఇన్నేళ్లుగా నేను గీసిన డిజైన్లన్నీ పోయేవి. హఫీజ్‌పేట్ రిపేరతను "ఇగ నడవదమ్మా, కొత్తది కొనుండ్రి" అన్నాడు గానీ, ఆ మిషన్ కొత్త కంప్యూటర్ మాట వినదు. ఈరోజు నేనే డిజైన్లతో సహా డిస్క్‌లో ఉన్నదంతా మెమరీ కార్డులోకి ఎక్కించి, డిస్క్ స్థానంలో దాన్ని బిగించాను. స్విచ్ వేస్తే చప్పుడే లేదు.

"పోయిందా?" అన్నారు ఈయన.

"లేదండీ, గోల మానేసింది," అన్నాను. ఈలోగా డిజైన్లన్నీ తెర మీదికి వచ్చాయి.

తర్వాత నెట్‌వర్క్ వైరు కలిపాను. అమ్మాయి తన గదిలోంచే లాప్‌టాప్‌తో మామిడిపిందె డిజైన్ పంపింది.

"అమ్మా, ఇక డిజైన్ ఎక్కించిన ఫ్లాపీ పట్టుకుని నీ దగ్గరికి రానక్కర్లేదు."

ఫ్లాపీ తెచ్చినప్పుడల్లా, కుట్టడం అయ్యేదాకా నా పక్కనే కబుర్లు చెబుతూ కూర్చునేది. ఫ్లాపీ డ్రైవ్ కూడా తీసేయమంటున్నారు ఈయన. అది మాత్రం ఉండనీ. వైరు ఎప్పుడైనా మొరాయించవచ్చు...