కమలమ్మకు నాలుగు చీట్లు

శుక్రవారం, చూలై పేట

ఇవాళ భజనలో కుప్పుసామి నా పరువు తీశాడు. వాడి మీద కోపం అనుకుంటూ ఇంటికొచ్చాను. అది అసూయేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

ప్రతి వారం మొదటి పాట ఎవరిదో నా కంప్యూటరే తేలుస్తుంది. అరవై ఎనిమిదో ఏట సొంతంగా నేర్చుకుని రాసిన ప్రోగ్రాం. జాబితాలో గుడ్డిగా ఒక పేరు తీస్తుంది. ఆ మనిషి ఈ నెలలో పాడేసి ఉంటే, పాడనివాళ్లు దొరికేదాకా కిందికి దిగుతూ పోతుంది. హార్మోనియం వాయించడం పట్టుబడిన రోజున కూడా ఇట్లాగే మురిశాను, ఆ కథ ఇంకోసారి.

"అన్నా, ఈడ చూడు," అన్నాడు కుప్పుసామి, అందరి ముందూ. "కమలమ్మకు పైన ముగ్గురూ పాడేసినోళ్లే. వాళ్లలో ఎవరొచ్చినా పాట కమలమ్మకే పోతాది. మనకంతా ఒక్కో చీటీ, ఆమెకు నాలుగు! పాడనోళ్లను ముందు ఏరి పెట్టుకోని, వాళ్లలో ఒకరిని తియ్యాల."

ఫోనులో ఆ ప్రోగ్రాం రాసి కూడా చూపించాడు.

"ఓహో, అన్నకు కమలమ్మ గొంతంటే అంత ఇష్టమా!" అని ఒకటే నవ్వులు. కమలమ్మా నవ్వింది, వాడి వైపు చూసి.

వచ్చే వారం నుంచి పేరు తీసే పని వాడిదేనట. నిన్న మొన్న నేర్చినవాడు!

భోజనం కాగానే కూర్చుని నా ప్రోగ్రాం సరిచేశాను. పద్ధతి వాడిదే, కానీ వాడికి పదకొండు వరుసలు పట్టింది, నాకు మూడే. ఎంత ముచ్చటగా ఉందో! ఎవరికైనా చూపించకుండా ఉండలేకున్నా. ఈ పేటలో దాని అందం తెలిసేది ఆ కుప్పుసామి ఒక్కడికే. ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను.