అల్లుడి పొట్ట మీద దోసకాయ

పులివెందుల,
సోమవారం

జమ్మలమడుగు బడిలో నా పక్కన కూర్చున్న దావూద్‌కు గురునాథం నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీ సాన చక్రం మోతలో నా మాట నీకు వినపడదు. అందుకే ప్రొద్దుటూరు బస్సులో ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక కత్తి పంపుతున్నాను. నేను గుమాస్తాగా రిటైరైన రోజు ఆఫీసువాళ్లు శాలువాతోపాటు ఇచ్చిన అలంకారం కత్తి ఇది. ఇన్నాళ్లూ గోడకు వేలాడింది. మొన్న కాలనీ మీటింగులో, నేను ఒకప్పుడు కత్తిసాము చేసేవాణ్ణని నోరు జారాను. ఇంకేం, వచ్చే ఆదివారం వార్షికోత్సవంలో మా అల్లుడు విష్ణువర్ధన్ పొట్ట మీద దోసకాయ పెట్టి, నేను ఒక్క వేటుకు నరకాలని కమిటీ తీర్మానించింది.

దీనికి పదును పెట్టగలవా? కుదరదంటే మొహమాటపడకుండా కాగితం మీద రాసి సంతకం చెయ్యి. కమిటీకి చూపిస్తాను. నేనేమీ అనుకోను.

నీ గురునాథం

తా.క.: అల్లుడు ధైర్యంగానే ఉన్నాడు. అన్నం మాత్రం మానేశాడు. "పొట్ట ఎంత లోపలికి పోతే అంత మంచిది మామా" అంటాండాడు.

ప్రొద్దుటూరు,
బుధవారం

గురునాథానికి దావూద్ సలాములు.

నీ ఉత్తరం చదివి మనసు నొచ్చుకుంది. నాకు కుదరకపోవడమా? దువ్వూరు రైతుల కొడవళ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. పెట్టేశాను పదును. ఎలాంటి పదునంటే, దాని మీద వాలిన ఈగ మళ్లీ లేవలేదు. నువ్వు సాము నేర్చిన సంగతి నాకు తెలియనే తెలియదు. ముద్దనూరులో పనిచేసినప్పుడు నేర్చుకున్నావేమో.

నీ దావూద్

తా.క.: కత్తికి గుడ్డ చుట్టి పెట్టాను. గుడ్డలు తెగిపోతున్నాయి, మారుస్తూనే ఉన్నాను.

పులివెందుల,
గురువారం

ప్రియమైన దావూద్‌కు,

నీ పనితనం మీద నాకెన్నడూ అనుమానం లేదు. కానీ అంత పదును అక్కర్లేదేమో. కాస్త తగ్గించు. బస్సులో పార్సిళ్లు తప్పిపోతుంటాయని కూడా విన్నాను. ఒకవేళ అలా జరిగితే నిన్ను పల్లెత్తు మాట అనను.

నీ గురునాథం

తా.క.: మా ఆవిడ ఆండాళ్ అల్లుడి పొట్టకు స్టీలు పళ్లెం కట్టి, పైన చొక్కా వేసి చూసింది. "దోసకాయ నిలబడల్యా, జారతాంది" అని విప్పేసింది. మా అమ్మాయి సింధూ నాతో మాటలు మానేసింది.

ప్రొద్దుటూరు,
శుక్రవారం

గురునాథానికి సలాములు.

పార్సిల్ పోతుందని నీ భయం. అర్థమైంది. అందుకే కత్తిని నేనే స్వయంగా తెస్తున్నాను. మా ఆవిడ షాహీదాబీ కూడా వస్తోంది.

నీ దావూద్

తా.క.: నాకు ముందు వరసలో కుర్చీ పట్టిపెట్టు. మా ఆవిడకు కాస్త వెనక. ఎగిరిపడే ముక్కలంటే ఆమెకు భయం. దోసకాయ ముక్కలే అనుకో.

పులివెందుల,
సోమవారం

ప్రియమైన దావూద్‌కు,

నిన్న ఆ జనంలో నీతో మాట్లాడలేకపోయాను. నువ్వూ బస్సుకని పరుగెత్తావు. కత్తి ఎత్తగానే అల్లుడు కళ్లు మూసుకున్నాడు. అతని ఊపిరికి దోసకాయ పైకీ కిందికీ పోతోంది. పక్కనే సింధూ కొంగు కొరుకుతోంది. ఆ పిల్ల మొహం చూశాక కత్తి దించి పక్కన పెట్టేశాను. ఇక మైకులో నేనేం చెప్పానో నువ్వే విన్నావు: "నాకు సాము రాదప్పా. ఎవురో చేస్తాంటే చూసినా, అంతే." నవ్వుతారనుకుంటే చప్పట్లు కొట్టారు. అల్లుడు నాకు దణ్ణం పెట్టి, నేరుగా భోజనాల దగ్గరికి పోయాడు.

నువ్వు కుదరదని రాస్తావన్న ఆశతోనే కత్తి నీకు పంపానయ్యా. ఇప్పుడు గుండె మీది బరువు దిగింది.

నీ గురునాథం

తా.క.: కత్తిని అటక మీద పెట్టి, ఆ గది ఛాయలకు ఎవరినీ పోనివ్వడం లేదు.

ప్రొద్దుటూరు,
బుధవారం

గురునాథానికి దావూద్ సలాములు.

ఆ గది తలుపు తీసి పెట్టు. ఆ కత్తికి పదును లేదు. అది ఉత్త రేకు. చక్రానికి ఆనిస్తే అంచు మడతపడింది. ఇంత వయసొచ్చాక నా వల్ల కాలేదని రాయడానికి చెయ్యి రాలేదు. మెరుగు పెట్టి ఊరుకున్నాను. "అది దోసకాయ మీద పడి వంగిపోతే గురునాథం అన్న పరువేం గాను?" అని షాహీదాబీ పోరితే, ముందే నీ చెవిన వేద్దామని వచ్చాను. తీరా వచ్చాక అంతమందిలో నోరు పెగల్లేదు. నువ్వు కత్తి దించగానే ప్రాణం లేచివచ్చింది.

నీ దావూద్

తా.క.: అన్నా, నేను షాహీదాబీని. ఈయన ఊరందరి కత్తులూ సానపడతాడు. మా ఇంట్లో కత్తితో మాత్రం ఉల్లిగడ్డ కూడా తెగదు. నేను పక్కింటి నిర్మలమ్మ కత్తి తెచ్చుకుంటాండా.